ముందు గాలి, తరువాత ఇంధనము

అగ్నికి ఆహారములు రెండు. ఒకటి మనము వెల యిచ్చి కొనునది. రెండవది వెల లేనిది, కంటికి కానరానిది. ఒక్క లీటరు పెట్రోలు సంపూర్ణముగా దహనమగుటకు పదునొకండు కిలోల గాలి, అనగా సుమారు 9,000 లీటర్ల గాలి కావలెను. పెట్రోలు బంకులో మీటరుకు ఎదురుగా నిలిచి, గొట్టమును విదిలింపజేసి చివరి చుక్కను కూడ పోయించుకొను మనము ఆ తొమ్మిదివేల లీటర్ల సంగతి ఎన్నడును తలపము. యంత్రమునకు మాత్రము ఆ తలపు తప్ప వేరొక తలపు లేదు. ఈ రెండు ఆహారముల పాళ్ళను, వాటి వేళలను పాటించుటలోనే దాని జీవితమంతయు గడచును. పాళ్ళను గురించి పాఠ్యగ్రంథములు చెప్పినవి, మెకానిక్కులు చెప్పిరి, నెలాఖరున మైలేజి లెక్క వేసికొను గృహస్థులును చెప్పిరి. వేళను గురించి చెప్పినవారు తక్కువ. రెండు స్ట్రోకుల యంత్రము విషయమున పాళ్ళకంటె వేళయే ప్రధానమని నా విశ్వాసము; ఒకప్పుడు హైదరాబాదులోని తార్నాక చౌరస్తాను నీలిపొగతో నింపిన దోషములో అధికభాగము ఆ వేళ తప్పుటవలన కలిగినదే.

నాలుగు స్ట్రోకుల యంత్రములో పీల్చుట, అదుముట, మండుట, విడుచుట అను నాలుగు పనులకును వేర్వేరు వేళలు కలవు. రెండు స్ట్రోకుల యంత్రమునకు అంత తీరిక లేదు. అది ఒక్క చుట్టులోనే నాలుగు పనులను ముగింపవలెను. స్కాట్లండు దేశస్థుడు డ్యూగాల్డ్ క్లర్క్ 1881లో పేటెంటు పొందిన యంత్రమున కొత్త మిశ్రమమును లోనికి తోయుటకు ప్రక్కన మరియొక సిలిండరు ఉండెడిది. ఇంగ్లండులోని బాత్ నగరవాసి జోసెఫ్ డే 1889 ప్రాంతమున ఆ రెండవ సిలిండరును తీసివేసి, పిస్టను క్రింద ఊరక పడియున్న క్రాంకుకేసునే పంపుగా మార్చెను. ఆయన కర్మశాలలో పనిచేయుచుండిన ఫ్రెడరిక్ కాక్, పిస్టను అంచుతోనే ప్రవేశద్వారమును గూడ తెరచి మూయు ఉపాయమును కనిపెట్టెను. దానితో కవాటములే లేని యంత్రము సిద్ధించినది. ముఖ్యమైన కదలిక భాగములు మూడే: పిస్టను, కనెక్టింగ్ రాడ్, క్రాంకు. మనుష్యుని యంత్రనిర్మాణ చరిత్రలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత పని సాధించిన కల్పన మరియొకటి నాకు కనబడదు. స్కూటరు, మోపెడ్, ఆటో, పొలములోని మందు కొట్టు పంపు, ఇవన్నియు ఆ బాత్ నగరపు ఊహకు సంతానమే.

ఆ పొదుపుకు చెల్లించిన మూల్యమేమో చూడవలెనన్నచో సిలిండరులో జరుగుదానిని కొంత నిదానముగా పరికింపవలెను. పిస్టను పైకి పోవునపుడు దాని నెత్తిమీద మిశ్రమము అదుమబడుచుండును. అదే సమయమున దాని పాదముల క్రింద శూన్యమేర్పడి, కార్బొరేటరునుండి గాలియు పెట్రోలును కలసియే క్రాంకుకేసులోనికి వచ్చి చేరును. మంట పుట్టి పిస్టను క్రిందికి దిగునపుడు మొదట పొగ వెడలు ద్వారము తెరచుకొనును, పిమ్మట కొత్త మిశ్రమము వచ్చు ద్వారములు తెరచుకొనును. అటుతరువాత కొంతసేపు రెండు రకముల ద్వారములును తెరచియే యుండును. పాత పొగను బయటికి నెట్టవలసిన భారము కొత్తగా వచ్చిన మిశ్రమముపైననే పడును. నిమిషమునకు 5,000 చుట్లు తిరుగు యంత్రములో ఒక చుట్టుకు పట్టు కాలము సెకండులో వేయింట పన్నెండు పాళ్ళు. అందులో మూడవ వంతు, అనగా వేయింట నాలుగు పాళ్ళ కాలములో, పాతది పోవలెను, కొత్తది రావలెను, వచ్చినది నిలువవలెను. వచ్చినదంతయు నిలుచునా? నిలువదు. పొగతోపాటు అదియు తెరచియున్న ద్వారమునుండి బయటపడును. ఇల్లు ఊడ్చుటకు చీపురుకు బదులు దోసిళ్ళతో బియ్యము విసరినట్లున్నది ఈ పద్ధతి. ఇల్లు శుభ్రపడును, కాని గుమ్మముబయట ఎంత బియ్యము పడెనో చూచువారు లేరు. థ్రాటిల్ పూర్తిగా తెరచి పోవు సాధారణ కార్బొరేటరు బండిలో మండకయే బయటపడు మిశ్రమము నూటికి ముప్పది పాళ్ళవరకును ఉండునని యంత్రశాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. మనము వెలయిచ్చి కొన్న పెట్రోలులో దాదాపు మూడవ వంతు, మనకు ఉపకారము చేయకుండుటయే కాక, వెనుక వచ్చువాని శ్వాసలో చేరుచుండెనన్నమాట.

తార్నాకలో ఈ యంత్రమునకు ఒక స్వర్ణయుగముండెను. చేతక్ స్కూటరు 1972లో విపణికి వచ్చినది మొదలు ఇరువదియైదేండ్లపాటు ఈ ప్రాంతపు ఉదయమంతయు దాని ధ్వనియే. 1944లో నిజాము ప్రభుత్వకాలమున పుట్టి, 1956లో సి.ఎస్.ఐ.ఆర్. ఆధీనమునకు వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మార్చుకొన్నను పెద్దలు నేటికిని ఆర్.ఆర్.ఎల్. అనియే పిలుచు ప్రయోగశాలకు పోవు శాస్త్రజ్ఞులు, లాలాగూడ రైల్వే కార్ఖానాకు పోవు కార్మికులు, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవు ఉపన్యాసకులు, ముందు పిల్లవానిని నిలబెట్టుకొని వెనుక భార్యను కూర్చుండబెట్టుకొని పోవు ఆర్.టి.సి. ఉద్యోగులు, అందరును ఆ వాహనముమీదనే. చలికాలపు ప్రొద్దున ప్రతి వీథిలోను ఒక గృహస్థు స్కూటరును తనవైపునకు ప్రక్కగా వంచి, క్షణకాలము అట్లే పట్టుకొని, తిరిగి నిలిపి కిక్కు కొట్టెడివాడు. అది మూఢాచారము కాదు. బండి వంగినపుడు ఫ్లోట్ గదిలోని పెట్రోలు మట్టము మారి కొంత పెట్రోలు కార్బొరేటరు గొంతులోనికి పొర్లును. చల్లని యంత్రములో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక పాళ్ళకు మించి పోసినగాని మండదగినంత ఆవిరి పుట్టదు. చోక్ లాగుటయు అందులకే. గాలికి దారి తగ్గించి పెట్రోలుకు ప్రాబల్యమిచ్చుట. ఏ గ్రంథమును చదువని ఆ గృహస్థులందరును మిశ్రమశాస్త్రములోని మొదటి పాఠమును తమ మోకాలితోను భుజముతోను నేర్చుకొనిరి.

ఆ శాస్త్రములో పండితులు మాత్రము మెకానిక్కులే. హబ్సిగూడవైపు పోవు రోడ్డుప్రక్కన, రేకుల పందిరి క్రింద పనిచేయు ఒక వృద్ధ మెకానిక్కు యమహా ఆర్ఎక్స్ 100 కార్బొరేటరును సరిచేయుచుండగా విద్యార్థిదశలో నేను చాలసేపు చూచుచుంటిని. ఆయన మొదట ఫ్లోట్ గది విప్పి, స్లో జెట్టును తీసి, వెలుతురుకు ఎదురుగా ఎత్తి ఒక కంటితో చూచెను. వెండ్రుకంత రంధ్రమునుండి సూర్యుడు కనబడినాడు కాబోలు, తృప్తితో నోట ఊది మరల బిగించెను. పిమ్మట గాలి స్క్రూను చివరివరకు బిగించి, ఒకటిన్నర చుట్టు వెనుకకు విప్పి, ఇంజను నడిపించి, స్క్రూడ్రైవరును గోటిపాటి మేర అటునిటు త్రిప్పుచు తల వంచి వినుచుండెను. ధ్వని క్రమముగా హెచ్చి ఒకచోట నిలుకడ పొందెను. అంతకు మించి విప్పగా తడబడెను. తడబడిన తావునుండి కొంచెము వెనుకకు తెచ్చి చేయి తీసివేసెను.

"గిట్ల మస్తు నడుస్తుంది గదన్నా, ఇంక జర గాలి ఇడువరాదా? మైలేజ్ పెరుగుతది" అని బండి యజమాని అడిగెను.

"పెరుగుతది తమ్మీ, పెరిగినంక పిస్టన్ పట్టేస్తది. దీనికి నూనె ఏడికెల్లి వస్తది? పెట్రోల్‌తోనే గద! గాలి ఎక్కువైతే పెట్రోల్ తక్కువ, పెట్రోల్ తక్కువైతే నూనె తక్కువ. ప్లగ్ తెల్లగైందంటే పని ఖతం. కాఫీ రంగుల ఉండాలె" అని ఆయన సమాధానము.

ఈ మూడు మాటలలో ఎంత శాస్త్రమున్నది! క్రాంకుకేసును పంపుగా వాడుకొనుటవలన అందులో నూనె నిలువయుంచు వీలు లేకపోయెను. కాబట్టి నూనెను పెట్రోలులోనే కలిపి పంపవలసివచ్చెను. బంకులలో ప్రత్యేకముగా టూ-టీ ఆయిల్ పోయు యంత్రములు వెలసినది ఇందుకే. పర్యవసానమేమనగా, ఈ యంత్రములో గాలిని, ఇంధనమును నియంత్రించు స్క్రూయే ప్రాణాధారమైన స్నిగ్ధత్వమును గూడ నియంత్రించును. శ్రీశైలము ఘాట్ రోడ్డుమీద దిగువకు పోవునపుడు థ్రాటిల్ మూసి, గేరులోనే ఉంచి, బండి తనంత తాను పరుగెత్తుచున్నదని సంతోషించు యువకునకు తెలియనిదేమనగా, చక్రములు యంత్రమును వేగముగా త్రిప్పుచున్నవి, మూసిన థ్రాటిల్ వలన నూనె మాత్రము చుక్కలు చుక్కలుగానైనను అందుటలేదు. అనుభవజ్ఞులు దిగుడులో నడుమ నడుమ క్లచ్ నొక్కి థ్రాటిల్ కొంచెము తెరచెడివారు. వేగము కొరకు కాదు, పిస్టనుకు ఒక గుటకెడు నూనె పోయుటకు.

ఆ మెకానిక్కులు క్రాంకు సీలు అరిగినదని విప్పకముందే చెప్పగలిగెడివారు. మాగ్నెటో వైపు సీలు అరిగినచో అక్కడనుండి లెక్కలో లేని గాలి లోనికి దూరును. థ్రాటిల్ మూసినను యంత్రము దానంతట అదియే వేగము పుంజుకొనును. గేరుబాక్సు వైపు సీలు పోయినచో గేరు నూనె లోనికి పీల్చబడి తెల్లని పొగ దట్టముగా వచ్చును. కార్బొరేటరును ఎంత సరిచేసినను ప్రయోజనముండదు. క్రాంకుకేసు గోడలన్నియు శ్వాసమార్గములో భాగమే అను సత్యము వారికి పొగ రంగువలన తెలిసెడిది. ఇక ఊరి ఎత్తు సంగతి. హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. ఇక్కడి గాలి విశాఖపట్టణపు గాలికంటె నూటికి అయిదు పాళ్ళు పలుచన. మే నెలలో ఉష్ణోగ్రత నలువదిరెండు డిగ్రీలకు చేరినపుడు, చలికాలపు ఇరువది డిగ్రీల దినముతో పోల్చిన మరి ఏడు పాళ్ళు పలుచనగును. కార్బొరేటరు గాలిని ఘనపరిమాణముతో కొలుచునే కాని బరువుతో కొలువలేదు. కాబట్టి సముద్రతీరమున సరిచేసిన బండి ఇక్కడకు వచ్చినపుడు పెట్రోలు పాలు కొంత హెచ్చి, ప్లగ్గు నల్లబడును. ఎండాకాలము వచ్చినదనగానే స్క్రూను ఒక వీసమెత్తు విప్పు అలవాటు ఆ వృత్తిలో పుట్టుట సహజమే.

చెవికి తెలిసినదానిని అంకెలలో చూచినది ఉస్మానియా విశ్వవిద్యాలయ ఇంజినీరింగు కళాశాలలో. 1918లో స్థాపితమైన విశ్వవిద్యాలయమునకు ఇంజినీరింగు కళాశాల 1929లో ఏర్పడెను. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనపు గులాబిరంగు రాతికట్టడము చూడవచ్చు యాత్రికులు దీనివైపు రారు, రావలసిన పనియు లేదు. ప్రయోగశాలలో ఒక మూల సిమెంటు దిమ్మెమీద బిగించిన సింగిల్ సిలిండరు యంత్రము, దానికి ఎదురుగా నీటితో నిండిన గాజు గొట్టము, గోడకు తగిలించిన బ్యూరెట్. బ్యూరెట్‌లో పది ఘన సెంటీమీటర్ల పెట్రోలు తరుగుటకు ఎన్ని సెకండ్లు పట్టెనో ఒకడు స్టాప్‌వాచీతో చూడవలెను. గాలికి వేరు పద్ధతి: ఇనుప పీపావంటి పెద్ద పెట్టెకు ఒకప్రక్క గుండ్రని చిన్న రంధ్రము చేసి, యంత్రము ఆ పెట్టెనుండియే పీల్చునట్లు అమర్తురు, రంధ్రమునకు ఇరువైపుల గల పీడనభేదమును యు ఆకారపు గొట్టములోని నీటిమట్టము చూపును, ఆ నీటి ఎత్తునుండి గాలి పరిమాణమును లెక్కింతురు. నీరు నిలకడగా నిలువదు, యంత్రపు ప్రతి శ్వాసకును లేచి పడుచుండును. ఆ లేచిపడుటలో మధ్యస్థానమును కంటితో పట్టుకొనవలెను. అదృశ్యమైన గాలి నీటి రూపమున తన రాకపోకలను మన కన్నులముందు నమోదు చేయుచుండగా చూచుట నాకు నేటికిని పరమాద్భుతమైన విషయముగనే తోచును.

అయితే ఆ గాజుగొట్టము చెప్పునది సగము మాత్రమే. లోనికి ఎంత గాలి పోయెనో అది చెప్పును. పోయినదానిలో ఎంత నిలిచెనో చెప్పదు. నాలుగు స్ట్రోకుల యంత్రములో ఈ రెండును దాదాపు ఒకటే గనుక భేదము స్ఫురింపదు. రెండు స్ట్రోకుల యంత్రములో ఇవి రెండును వేర్వేరు విషయములు. అందుకే ఈ శాస్త్రము ఎంత వచ్చినదనుటకు ఒక నిష్పత్తిని, వచ్చినదానిలో ఎంత చిక్కినదనుటకు మరియొక నిష్పత్తిని వేరువేరుగా ఏర్పరచుకొన్నది. పాళ్ళు సరిగా కలిపిన మిశ్రమమే నూటికి డెబ్బది పాళ్ళు మాత్రమే నిలిచినపుడు, స్క్రూను ఎంత నేర్పుగా త్రిప్పిన నేమి? అది మిగిలిన డెబ్బది పాళ్ళ నాణ్యతను దిద్దగలదు గాని పోయిన ముప్పదిని వెనుకకు పిలువలేదు. మెకానిక్కు నేర్పునకు హద్దు ఇక్కడ ఏర్పడినది. ఆయన దోషము కాదిది, ఆయన చేతికందిన స్క్రూలలో వేళను మార్చు స్క్రూ లేకుండుటయే దోషము.

వేళను దిద్దుటకు ప్రయత్నించినవారు లేకపోలేదు. వెస్పా యంత్రములో క్రాంకు చక్రపు అంచునే కోసి, అది తిరుగుచు ప్రవేశద్వారమును తన ఇచ్చవచ్చిన కోణమున తెరచి మూయునట్లు చేసిరి. ఆర్ఎక్స్ 100లో సన్నని రేకు పలకలను కవాటముగా నమర్చిరి. శూన్యమేర్పడగనే అవి తెరచుకొని, పీడనము తిరుగబడగనే తమంత తాము మూసికొనును. 98 సీసీల ఆ చిన్న యంత్రము పదునొకండు అశ్వశక్తుల నిచ్చుటకు ఆ రేకులును ఒక కారణము. జర్మనీ దేశస్థుడు ష్నూర్లె 1920లలో కొత్త మిశ్రమమును పొగ ద్వారమునకు విముఖముగా త్రిప్పి గోడవెంట మెలికగా పంపు పద్ధతిని కనిపెట్టెను. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. సంస్థలో పనిచేసిన వాల్టర్ కాడెన్ పొగగొట్టమునకు ఉదరమువంటి ఆకారమిచ్చి, బయటపడిన మిశ్రమమును ధ్వనితరంగపు ప్రతిఘాతముతో మరల సిలిండరులోనికి తోయించెను. ఆ విద్యను ఎరిగిన ఎర్న్‌స్ట్ డెగ్నర్ అను పందెగాడు 1961లో దేశము విడిచి సుజుకీ సంస్థను చేరుటయు, మరుసటి యేడు ఆ సంస్థ ప్రపంచ విజేత యగుటయు పందెముల చరిత్రలో ప్రసిద్ధ ఘట్టములు. కాని ఆ ఉదరాకారపు గొట్టము ఒక నియతవేగమున మాత్రమే మేలు చేయును. తార్నాక చౌరస్తాలో ఎర్రదీపము దగ్గర ఆగి, పచ్చదీపమునకు కదలి, నాచారము మలుపులో మరల ఆగు బండికి ఆ తరంగముల సహాయము ఎక్కడ?

శాసనము వచ్చినపుడు అది స్క్రూను పట్టుకొన్నదే గాని వేళను పట్టుకొనలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమముల ననుసరించి, బండి నిలిచి ఐడ్లింగులో ఉన్నపుడు పొగలో కార్బన్ మోనాక్సైడు 4.5 శాతమునకు మించరాదని ఉండెను. అది గాలి పాలు తగ్గినపుడు పుట్టు వాయువు. స్క్రూను ఒక పావు చుట్టు విప్పినచో తగ్గును. ధ్రువపత్రము చేతికి వచ్చిన పిమ్మట స్క్రూ మరల స్వస్థానమునకు వచ్చును. మండని పెట్రోలు ఆవిరికి కూడ హద్దు పిమ్మట ఏర్పడెను. ఆ హద్దులోనే, 2000కు తరువాతి నాలుగు స్ట్రోకుల బండికి పదిలక్షలకు 4,500 పాళ్ళనియు, రెండు స్ట్రోకుల బండికి 6,000 పాళ్ళనియు నిర్ణయించిరి. ఒక యంత్రమునకు మరొకదానికంటె మూడవ వంతు అధికమైన తప్పునకు అనుమతి యిచ్చుటలో శాసనకర్తలు ఆ యంత్రపు స్వభావమును స్పష్టముగానే గుర్తించిరి. స్వభావమును గుర్తించినవారు దానిని మార్చు మార్గమునకు ప్రోత్సాహమిచ్చియుండిన ఎంత బాగుండెడిది!

మన ఊరి పరిశోధకులు ఊరకుండలేదు. గండిపేటలోని చైతన్య భారతి ఇంజినీరింగు కళాశాలలో పిస్టను తలమీదను, సిలిండరు మూత లోపలను రాగి పూత పూసి, ఆ పూత దహనమునకు ఉత్ప్రేరకముగా పనిచేయునట్లు ప్రయోగములు చేసిరి. పెట్రోలులో మిథనాలు కలిపి చూచిరి. పొగగొట్టములో స్పాంజి ఐరన్ నింపిన గదిని అమర్చి, అందులోనికి ప్రత్యేకముగా గాలిని చొప్పించి, మండక వచ్చిన భాగమును అక్కడ మండించు ప్రయత్నము చేసిరి. స్పాంజి ఐరన్ అనగానే మనకు పాల్వంచ కర్మాగారము జ్ఞాపకమునకు వచ్చును. ప్లాటినమువంటి విలువైన లోహములకు బదులు మనకు సులభముగా దొరకు పదార్థముతో సమస్యను ఎదుర్కొనవలెనను ఆ బుద్ధి నాకు మిక్కిలి ప్రీతిపాత్రము. ఇక్కడ గాలిని గురించిన ఆలోచన ఎంత దూరము వచ్చినదో చూడుడు: మొదట కార్బొరేటరు ముఖమున అందవలసిన గాలి కడపట పొగగొట్టములో అందుచున్నది. ఫలితము నిజమైనదే, పొగలోని దోషములు తగ్గినవి. అయితే ఆ విధముగా గొట్టములో మండిన పెట్రోలు బండిని అంగుళమైనను ముందుకు నడపదు. విషము పోవును, వ్యయము మిగులును.

రెండు స్ట్రోకుల పద్ధతియే దుష్టమైనదను అభిప్రాయము ఈ నాటికి జనసామాన్యములో స్థిరపడినది. దానిని ఖండించుటకు నేను ఎక్కడికో పోనక్కరలేదు. విశ్వవిద్యాలయ ఆవరణ అంచున గల ఆర్ట్స్ కాలేజి స్టేషనులో నిలిచిన చాలును. సికింద్రాబాదు, కాచిగూడల నడుమ పోవు ఆ దారిలో, విద్యుదీకరణము విస్తరింపకమునుపు, బెంగుళూరు వైపు బండ్లను లాగు భారీ డీజిలు ఇంజనులు తరచు కనబడెడివి. వాటిలో 1999 ప్రాంతమున అమెరికానుండి దిగుమతియై, పిమ్మట వారణాసిలో తయారైన జనరల్ మోటార్స్ నమూనా ఇంజనులు రెండు స్ట్రోకులవి. పదునారు సిలిండర్లు, ఒక్కొక్కటి పదునొకండున్నర లీటర్లకు పైబడినది, మొత్తము నాలుగువేల అశ్వశక్తులు. స్కూటరు యంత్రమునకు దూరపు చుట్టము కాదు, తోబుట్టువే. కాని తోబుట్టువు చేయు తప్పును ఇది చేయదు. దానిలో సిలిండరు అడుగున చుట్టును గల రంధ్రములనుండి లోనికి వచ్చునది కేవలము గాలి. ఆ గాలి క్రిందినుండి పైకి ఒకే దిశను పయనించి, మూతలోని నాలుగు కవాటములనుండి పొగను వెళ్ళగొట్టును. కొంత గాలి పొగవెంట బయటికి పోయినను నష్టమేమి? పోయినది గాలియే గదా. కవాటములు మూసికొన్న తరువాత, పిస్టను పైకి చేరుకొను చివరి క్షణమున, డీజిలు తుంపరగా లోనికి వచ్చును. తుడుచుపని గాలిది, మండుపని ఇంధనముది. రెండింటికిని వేళలు వేరు. నూనె క్రాంకుకేసులో నిలిచి తన పని తాను చేసికొనును. మహాసముద్రములను దాటు సరకునావలలోని అతిపెద్ద యంత్రములును ఈ జాతివే. తాము త్రాగిన ఇంధనపు శక్తిలో సగభాగమును పనిగా మార్చగలుగుటచేత ఉష్ణయంత్రములలో అవి అగ్రగణ్యములు.

దోషము రెండు స్ట్రోకులలో లేదు. ఇంధనమును గాలితో ద్వారమునకు బయటనే ముడివేసి, ముడితో సహా లోనికి పంపుటలో ఉన్నది. కార్బొరేటరు ఆ ముడివేయు పనిముట్టు. దానిని ఎంత చక్కగా దిద్దినను ముడి ముడియే. చిన్న యంత్రములో ముడి విప్పుట పెద్దయంత్రమునందువలె సులభము కాదు. ద్వారము మూసికొన్నది మొదలు నిప్పురవ్వ పుట్టువరకు గల వ్యవధి 5,000 చుట్ల వేగమున సెకండులో వేయింట మూడు పాళ్ళు. అంతలో పెట్రోలును అతిసూక్ష్మమైన తుంపరగా విరజిమ్మవలెను. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరపు ఆర్బిటల్ సంస్థ అదుమబడిన గాలితో పెట్రోలును చిమ్ము పద్ధతిని సిద్ధపరచెను. 2007లో బజాజ్ సంస్థ ఆ పద్ధతితో నడచు ఆటోను మనదేశపు విపణిలోనికి తెచ్చెను. అప్పటికే నగరములు రెండు స్ట్రోకుల ఆటోలను వెళ్ళగొట్టుటకు సిద్ధమైయుండెను. గ్యాసుమీద నడచు నాలుగు స్ట్రోకుల ఆటోలు దారి నాక్రమించుచుండెను. పదునైదేండ్లు ముందు వచ్చియుండిన ఆ యంత్రము కథ వేరుగా నుండెడిది. ప్రజల ఊపిరితిత్తులకు కలిగిన మేలును నేను కాదనను. ఆటోలు మారుట అవసరమే. శాపము మాత్రము తప్పు చేసినవానిమీద పడలేదు.

ఇంతకంటె సులభమైన మార్గమొకటి కలదు. ఎలక్ట్రానిక్ సామగ్రితో పనిలేనిది, జోసెఫ్ డే వంశీకుల స్వభావమునకు తగినది. పిస్టను పార్శ్వమున చిన్న గాడి కోసి, కార్బొరేటరులో రెండవ దారి ఏర్పరచి, మిశ్రమము క్రాంకుకేసులో నిండుచుండగనే సిలిండరులోనికి పోవు సందులలో శుద్ధమైన గాలిని నింపియుంచుదురు. ద్వారము తెరచుకొన్నపుడు మొదట వచ్చునది ఆ గాలి. పొగను తుడుచునది, దానివెంట బయటపడునది కూడ ఆ గాలియే. పెట్రోలు కలిసిన మిశ్రమము దాని వెనుక వచ్చి, ద్వారము మూసికొనువేళకు లోననే చిక్కుకొనును. జపాను, స్వీడను, జర్మనీ దేశముల సంస్థలు చెట్లు కోయు రంపములకు ఈ పద్ధతిని వాడుచున్నవి. ఇంధనవ్యయము గణనీయముగా తగ్గినది, మండని ఆవిరి మరింత తగ్గినది. స్క్రూ త్రిప్పు మెకానిక్కునకు ఇందులో అర్థము కానిది ఏమియు లేదు. గాలి దారి రెండైనది, అంతే.

స్కూటర్లు పోయినవి గాని రెండు స్ట్రోకుల యంత్రము మన జిల్లాలనుండి పోలేదు. పత్తిచేలలో రైతులు వీపున కట్టుకొను తైవాన్ పంపులలో అనేకము, గడ్డికోయు బ్రష్ కట్టర్లలో అనేకము నేటికిని డే పద్ధతివే. నూనె కలిపిన పెట్రోలు, ముడివేయు కార్బొరేటరు, తెరచియున్న ద్వారము. ఐడ్లింగు పరీక్షగాని, పొగ ధ్రువపత్రముగాని వాటికి లేవు. స్కూటరు పొగ వెనుకవానికి పోయెడిది. పంపు పొగ దానిని మోయువానికే, భుజమునకు జానెడు దూరమున, పురుగుమందు ఆవిరితో కలసి అందుచున్నది. వాటిని వీపుమీద మోయవలెను గనుక నాలుగు స్ట్రోకుల బరువు రైతుకు భారము. బ్యాటరీ పంపు చిన్న చేనికి చాలును, పెద్ద చేనికి నడుమనే చల్లారును. తేలికదనము తప్పనిసరియైన చోట రెండు స్ట్రోకులకు న్యాయమైన స్థానమున్నది. ఇంజినీరింగు కళాశాలలో గాలిని కొలుచు పెట్టె ఉన్నది. కాలినడకన పోదగిన దూరమున, హబ్సిగూడ దారిలో, దహనరసాయనము నెరిగిన వారున్నారు. పిస్టనుకు గాడి కోయగల లేతు మిషను వాళ్ళు నాచారము, మౌలాలి పారిశ్రామికవాడలలో కొల్లలుగా ఉన్నారు. ముప్పదియైదు సీసీల పంపు ఇంజనుకు గాలి ముందు వచ్చునట్లు సందులు కోసి, దాని ధరను రైతుకు అందునంతకు దించు పని ఈ మూడు చోట్లవారు కలసి చేయదగినది. అందుకు కొత్తగా కనిపెట్టవలసిన సూత్రమేమియు లేదు, గాడి లోతును, వెడల్పును, అది తెరచుకొను కోణమును నిర్ణయించుటయే మిగిలియున్నది.